మ్యూజిక్ కంపోజిషన్, సోనిక్ ఆర్ట్స్ చదువు: విశాఖలో తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంటర్ ఫలితాలు వచ్చాక రెండు మూడు వారాలు నా ఫోన్ మోగుతూనే ఉంటుంది. నేను పెద్ద వాల్తేరులో పుట్టాను. పదేళ్ళు వయొలిన్ నేర్చుకున్నాను, డిగ్రీలో ఫిజిక్స్ చదివాను, తర్వాత ఇంగ్లండ్‌లో సోనిక్ ఆర్ట్స్‌లో మాస్టర్స్ చేసి తిరిగొచ్చాను. శని, ఆదివారాలు ఎంవీపీ కాలనీలో మా మేడమీద గదిలో కొంతమంది పిల్లల్ని ఈ చదువుకి తయారు చేస్తుంటాను. ఫోన్ చేసేవాళ్ళు అడిగేవి దాదాపు ఇవే ప్రశ్నలు కాబట్టి అన్నిటినీ ఒకచోట రాస్తున్నాను. కొన్నిటికి జవాబు పెద్దది, కొన్నిటికి రెండు మాటలు చాలు.

ఈ కోర్సులో అసలు ఏం నేర్పిస్తారు? పాటలు పాడిస్తారా?

పాడటం, వాయించడం ఇక్కడ పక్క వాద్యం లాంటివి. కంపోజిషన్ అంటే సంగీతాన్ని రచించడం. వాయించేది నలుగురైనా నలభై మందైనా, ఎవరు ఎప్పుడు ఏం మోగించాలో మీరే నిర్ణయించి కాగితం మీద పెట్టాలి. సోనిక్ ఆర్ట్స్‌ని తెలుగులో శబ్ద కళ అనుకోవచ్చు. ఇందులో ముడిసరుకు స్వరమే అవ్వాలని లేదు, ఏ చప్పుడైనా సరే. దాన్ని రికార్డు చేసి, కోసి, సాగదీసి, తిరగేసి, ఒకదాని మీద ఒకటి పేర్చి, గది చుట్టూ ఉన్న స్పీకర్ల మధ్య నడిపించి ఒక రచనగా నిలబెడతారు. చాలా యూనివర్సిటీల్లో రెండూ ఒకే విభాగంలో ఉంటాయి. మొదట్లో రెండూ కొంత చదివాక ఎటు మొగ్గితే అటు వెళ్ళొచ్చు.

సౌండ్ ఇంజినీరింగ్ వేరు. ఇంకొకరి సంగీతాన్ని శుభ్రంగా రికార్డు చేసి, మిక్స్ చేసి ఇచ్చే నైపుణ్యం అది. గొప్ప పనే, కానీ ఇది కాదు. నేను వెళ్ళేటప్పుడు ఒక కన్సల్టెన్సీ వాళ్ళు "రెండూ ఒకటేనమ్మా" అని చెప్పి నా అప్లికేషన్ వేరే కోర్సుకి పంపేశారు. ఆఫర్ లెటర్‌తో పాటు వచ్చిన సబ్జెక్టుల జాబితా చదివాకే నాకు తెలిసింది. సరిదిద్దుకునేసరికి ఒక ఏడాది పోయింది. అందుకే అందరికీ చెబుతాను, కోర్సు పేరు చూసి మోసపోకండి. మూడేళ్ళలో ఏయే సబ్జెక్టులున్నాయో యూనివర్సిటీ వెబ్‌సైట్లో మీరే చదవండి.

చప్పుడు సంగీతం ఎలా అవుతుంది? మా నాన్నగారు నవ్వుతున్నారు.

నాన్నగారిని ఒకసారి తెల్లవారుజామున ఫిషింగ్ హార్బర్‌కి తీసుకెళ్ళండి. ఈ ప్రశ్నకి నా దగ్గరున్న మంచి జవాబు అదే.

మా దగ్గరికి వచ్చే ఒక అమ్మాయి కిందటి డిసెంబరులో అక్కడ నలభై నిమిషాలు రికార్డు చేసుకొచ్చింది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఇద్దరం విన్నాం. ముందు ఐసు పలకల్ని మెషిన్‌లో వేసి చితక్కొట్టే మోత. దాని కింద బోటు ఇంజిన్ డుగుడుగు. తడి సిమెంటు మీద ప్లాస్టిక్ ట్రే ఈడ్చినప్పుడల్లా సన్నటి గీర. కాకులు సరేసరి. పదకొండో నిమిషం దగ్గర వేలం మొదలైంది. పాడే అతను ఒకే అంకెని ఒకే స్థాయిలో గబగబా తిప్పి తిప్పి అంటున్నాడు. ఎవరో వంద పెంచగానే అంకెతో పాటు అతని గొంతు కూడా ఒక మెట్టు పైకెక్కింది. ఇంకో వంద, ఇంకో మెట్టు. చివర్లో ధర ఖాయం అయ్యాక గొంతు ఒక్కసారిగా కిందికి జారి మొదటి స్థాయి దగ్గర ఆగింది. ఆ అమ్మాయి హెడ్‌ఫోన్స్ తీసేసి, "అక్కా, ఇతను ఆరోహణ పాడుతున్నాడు" అంది.

తెలుగువాళ్ళు దీనికి ఏనాడో పేరు పెట్టేశారు, వేలంపాట. "పాట పాడారు", "వాళ్ళ పాట మీద కొట్టేశారు" అంటాం. రోజూ అనే మాటే, అందులో పాట ఉందని మాత్రం వినిపించుకోం. ఆ అమ్మాయి రెండు నెలలు కూర్చుని, మాటలు తీసేసి గొంతు ఎక్కిన దారి మాత్రం ఉంచి, దాన్ని వయొలిన్‌తో జోడించి మూడు నిమిషాల రచన చేసింది. ఐసు మోత తాళంగా నిలబడింది. నాన్నగారికి వినిపించాల్సింది అలాంటిది.

ఇదేం నిన్న పుట్టిన సరదా కాదు. 1948లో పారిస్‌లో పియర్ షెఫర్ అనే రేడియో ఇంజినీర్ స్టేషన్లో రైళ్ళ చప్పుళ్ళు రికార్డు చేసి, వాటితోనే ఒక రచన కట్టి రేడియోలో వినిపించాడు. అప్పటికి అతని దగ్గర టేపు రికార్డర్ కూడా లేదు, గ్రామఫోన్ రికార్డుల మీదే చేశాడు. మన దేశంలో 1969లోనే అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో మూగ్ సింథసైజర్‌తో (కరెంటుతో శబ్దాలు పుట్టించే యంత్రం) ఎలక్ట్రానిక్ సంగీతం స్టూడియో పెట్టారు. అమెరికన్ సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ వచ్చి దాన్ని అమర్చాడు. గీతా సారాభాయ్, అతుల్ దేశాయ్ లాంటి మన సంగీతకారులు అక్కడ పనిచేశారు. ఆ టేపులు దశాబ్దాల పాటు అలమరాలో పడి ఉండి ఈమధ్యే బయటికొచ్చాయి.

విశాఖలో ఈ డిగ్రీ ఉందా?

సోనిక్ ఆర్ట్స్ అన్న పేరుతో మన ఊళ్ళో డిగ్రీ లేదు. కానీ పునాది వేసుకోవడానికి చోట్లు ఉన్నాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సంగీత విభాగం ఉంది. ఇక విజయనగరం మనకి గంటన్నర దూరం. అక్కడి మహారాజా సంగీత కళాశాల 1919లో మొదలైంది. ఆదిభట్ల నారాయణదాసు మొదటి ప్రిన్సిపాల్, ద్వారం వెంకటస్వామి నాయుడు మొదట వయొలిన్ ఆచార్యులు, తర్వాత ఆయనే ప్రిన్సిపాల్. ఘంటసాల, పి. సుశీల అక్కడ చదువుకున్నవాళ్ళే. దాసుగారు చేతులతో, కాళ్ళతో, తలతో వేర్వేరు తాళాలు ఏకకాలంలో వేసేవారని పెద్దలు చెప్పుకుంటారు. ఈరోజు యూనివర్సిటీల్లో పాలీరిథమ్ అని ప్రత్యేకంగా నేర్పించే విద్య అదే కదా. ఆ ఊరి పక్కన పెరుగుతూ "మనకి ఇక్కడ ఏముంది" అని పిల్లలు అంటుంటే నాకు బాధేస్తుంది.

దేశంలో చూస్తే, చెన్నైలో ఏ.ఆర్. రెహమాన్ 2008లో మొదలుపెట్టిన కేఎం మ్యూజిక్ కన్సర్వేటరీలో పాశ్చాత్య సంగీతం, కంపోజిషన్, మ్యూజిక్ టెక్నాలజీ నేర్చుకోవచ్చు. పుణెలోని ఫిల్మ్ అండ్ టెలివిజన్ ఇన్‌స్టిట్యూట్ (ఎఫ్‌టీఐఐ), కోల్‌కతాలోని సత్యజిత్ రే ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో సౌండ్ కోర్సులు ఉన్నాయి. అవి సినిమా శబ్దం వైపువి, పైగా ఏదైనా డిగ్రీ అయ్యాకే తీసుకుంటారు. 2009లో ఆస్కార్ అందుకున్న రసూల్ పూకుట్టి ఎఫ్‌టీఐఐలో చదివినవాడే.

విదేశాల్లో ఎక్కడ బాగుంటుంది?

ఒక్క ఊరి పేరు చెప్పమంటే చెప్పలేను. ఒక్కో చోటికి ఒక్కో గుణం ఉంది. బెల్‌ఫాస్ట్ క్వీన్స్ యూనివర్సిటీలో సోనిక్ ఆర్ట్స్ రీసెర్చ్ సెంటర్ 2004లో తెరిచారు. అక్కడి సోనిక్ ల్యాబ్‌లో నేల ఇనుప జాలీతో ఉంటుంది, దాని కింద కూడా స్పీకర్లు ఉంటాయి. శబ్దం కాళ్ళ కిందనుంచి లేచి తలమీదుగా వెళ్ళేలా రచన చేయొచ్చు. బర్మింగ్‌హామ్ యూనివర్సిటీలో 1982 నుంచి బీస్ట్ అనే స్పీకర్ల బృందం నడుస్తోంది. ఒక హాలంతా స్పీకర్లు పెట్టి, వాద్యం వాయించినట్టు వాటిని మిక్సర్ మీద వాయిస్తారు. నెదర్లాండ్స్‌లో హేగ్ నగరంలోని రాయల్ కన్సర్వేటరీలో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోనాలజీ ఉంది, సింథసిస్ (శబ్దాన్ని యంత్రంతో కొత్తగా పుట్టించడం), ప్రోగ్రామింగ్ ఇష్టమైనవాళ్ళకి అది తగిన చోటు. కెనడాలో సైమన్ ఫ్రేజర్ యూనివర్సిటీలో ముర్రే షేఫర్ బృందం ఊళ్ళ శబ్దాల్ని రికార్డు చేసి, అధ్యయనం చేసే పని మొదలుపెట్టింది. సౌండ్‌స్కేప్, అంటే ఒక చోట వినిపించే శబ్దాలన్నీ కలిసిన దృశ్యం, అన్న మాట లోకానికి అలవాటైంది ఆ బృందం వల్లే.

జర్మనీ ప్రభుత్వ సంగీత విద్యాలయాల్లో ఫీజు చాలా తక్కువ. కానీ ప్రవేశ పరీక్ష గట్టిది, చాలాచోట్ల జర్మన్ భాష రావాలి.

నాకు కర్ణాటక సంగీతం తప్ప ఏమీ రాదు. సరిపోతుందా?

సరిపోవడం కాదు, చాలా పనికొస్తుంది. ఒకచోట మాత్రం అడ్డం వస్తుంది. ముందు ఆ అడ్డం సంగతి చెప్తాను.

మన చెవి ఎప్పుడూ ఆధార షడ్జాన్ని పట్టుకునే ఉంటుంది. తంబూరా ఆగిపోయినా లోపల మోగుతూనే ఉంటుంది. శంకరాభరణం స్వరాల్లో స, గ, ప మూడూ కలిపి మోగిస్తే ఒక మేజర్ కార్డ్ (ఒకేసారి మోగే స్వరాల గుంపుని కార్డ్ అంటారు). మ, ద, స కలిపి మోగిస్తే ఇంకో మేజర్ కార్డ్. పాశ్చాత్య చెవికి రెండోది మోగగానే కాళ్ళ కింద నేల కాస్త జరిగినట్టు అనిపిస్తుంది. నాకు అనిపించేది కాదు. అదే సా, పైన ఏవో మూడు స్వరాలు, అంతే. హార్మొనీ (కార్డ్‌లని ఒకదాని తర్వాత ఒకటి నడిపించే విద్య) క్లాసులో అందరూ "ఇక్కడ మారింది" అని చెయ్యెత్తుతుంటే నేను దిక్కులు చూసేదాన్ని. మొదటి టర్మ్ అంతా టెన్షనే. చివరికి ఒక ట్యూటర్ ఇచ్చిన సలహా పనిచేసింది. పైన ఉన్న స్వరాల్ని వదిలేసి, అట్టడుగు స్వరాన్ని మాత్రమే గొంతుతో పాడుతూ విను అన్నారు. రోజుకి పావుగంట, నాలుగు నెలలు. అప్పటికి నేల జరగడం తెలిసింది. మీరు ఇక్కడే మొదలుపెట్టేయండి, అక్కడికెళ్ళి నాలా బెంబేలు పడక్కర్లేదు.

లాభాలు మాత్రం ఎన్నో. తోడిలో గాంధారం కాగితం మీద ఒక్క అక్షరం. పాడితే రిషభానికీ మధ్యమానికీ మధ్య ఊగుతుంది. ఆ ఊపులోనే రాగం ఉందని మనకి చిన్నప్పటినుంచి తెలుసు. పియానో మీద పెరిగిన పిల్లలకి రెండు మెట్ల మధ్య ఇంత చోటు ఉందని చెప్పడానికే ఒక సెమిస్టర్ పడుతుంది. ముక్తాయింపుని మూడుసార్లు వేసి సరిగ్గా ఎత్తుగడ మీద దిగేలా లెక్క కట్టే పిల్లవాడికి ఏ కష్టమైన లయైనా భయం ఉండదు. ఇక తంబూరా. గుర్రం (తీగల్ని మోసే చిన్న మెట్టు) మీద తీగ కింద చిన్న నూలు దారం పెట్టి, దాన్ని వెంట్రుకవాసి ముందుకీ వెనక్కీ జరుపుతూ వినండి. ఒకచోట తీగ ఒక్కసారిగా విచ్చుకుంటుంది, పైస్థాయి స్వరాలన్నీ ఒకదాని వెనక ఒకటి మెరుస్తాయి. శబ్దపు లోపలి నిర్మాణం గురించి నేను తర్వాత చదివిన పాఠమంతా ఆ దారం దగ్గర ముందే విన్నాను.

స్టాఫ్ నొటేషన్, అంటే ఐదు గీతల మీద రాసే పాశ్చాత్య స్వరలిపి, మాత్రం నేర్చుకోవాల్సిందే. ఏబీఆర్ఎస్ఎం లేదా ట్రినిటీ అనే బ్రిటిష్ సంస్థలు పెట్టే సంగీత థియరీ పరీక్షల్లో గ్రేడ్ 5 స్థాయి వస్తే మొదటి ఏడాది ఊపిరాడుతుంది.

మా వాడిది ఎంపీసీ. చదివిన లెక్కలు, ఫిజిక్స్ అంతా వృథాయేనా?

ఒక్క చాప్టరూ వృథా పోదు. ఇందుకు మన ఊరి నుంచే ఉదాహరణ ఉంది. సి.వి. రామన్ బాల్యం విశాఖలో గడిచింది. వాళ్ళ నాన్నగారు ఏవీఎన్ కాలేజీలో లెక్చరర్. రామన్ ఇక్కడి సెయింట్ అలోషియస్ స్కూల్లో చదివి పదకొండేళ్ళకే మెట్రిక్ పాసయ్యారు. కాంతి మీద ఆయన చేసిన పని అందరికీ తెలుసు. అంతకుముందు చాలా ఏళ్ళు ఆయన వాద్యాల మీద పరిశోధన చేశారన్నది మన పిల్లలకి ఎవరూ చెప్పరు.

మామూలు డోలు కొడితే వచ్చే పైస్థాయి శబ్దాలు ఒకదానితో ఒకటి పొసగవు, అందుకే అందులో స్వరం స్పష్టంగా వినిపించదు. మృదంగం కుడివైపు తోలు మధ్యలో నల్లటి ముద్ద అంటించి ఉంటుంది కదా. ఆ బరువు వల్ల పైస్థాయి శబ్దాలు ఒకటి, రెండు, మూడు రెట్లు అన్న వరసలోకి సర్దుకుంటాయి, తీగవాద్యంలో లాగా. అందుకే మృదంగం శ్రుతిలో పలుకుతుంది. రామన్ 1920లో దీన్ని ప్రచురించారు, 1934లో ఇంకా వివరంగా రాశారు. మన వాద్యాలు చేసేవాళ్ళు ఏ సమీకరణమూ లేకుండా చెవితోనే అక్కడికి చేరుకున్నారని ఆలోచిస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

సైన్ వేవ్‌లు, లాగరిథమ్‌లు, డోలనాలు ఈ చదువులో రోజూ వాడే పనిముట్లు. సెకనుకి 44,100 సార్లు శబ్దాన్ని కొలిచి ఎందుకు దాస్తారో అర్థం కావాలంటే మనిషి చెవి దాదాపు 20,000 హెర్ట్జ్ దాకా వింటుందని, దానికి రెట్టింపుకి పైగా కొలవాలని తెలియాలి. ఎంపీసీ పిల్లలకి ఐదు నిమిషాల్లో అర్థమవుతుంది.

సంగీతం బొత్తిగా రాదు, సౌండ్ అంటే మాత్రం ప్రాణం. తీసుకుంటారా?

సోనిక్ ఆర్ట్స్ వైపు తీసుకునే యూనివర్సిటీలు ఉన్నాయి, పోర్ట్‌ఫోలియో (అప్లికేషన్‌తో పంపే మీ సొంత రచనలు) బాగుంటే. కంపోజిషన్ వైపు కష్టం.

పోర్ట్‌ఫోలియోలో ఏం పెట్టాలి?

సాధారణంగా రెండు మూడు రచనలు అడుగుతారు. ఎంత గొప్పగా మోగుతోందన్నది వాళ్ళు చూడరు, ఎంత ఆలోచించి పెట్టారన్నది చూస్తారు. మా పిల్లలు మొదట తెచ్చేవి చాలావరకు సాఫ్ట్‌వేర్‌తో వచ్చిన లూపుల్ని (తిరిగి తిరిగి మోగే రెడీమేడ్ ముక్కల్ని) పేర్చినవే. వినసొంపుగానే ఉంటాయి, కానీ పెట్టినవాడు కనపడడు. అదే పిల్లవాడు వాళ్ళ అమ్మమ్మగారి రోలు, పొత్రం చప్పుడుతో చేసిన నిమిషంన్నర ముక్క తెస్తే నేను మూడుసార్లు వింటాను. ప్రతి రచనకీ ఒక పేజీ వివరణ రాయండి. ఏం ప్రయత్నించారు, ఏది కుదరలేదు, ఏం మార్చారు. కుదరనిది దాచకండి. ఇంటర్వ్యూలో అడిగేది దాని గురించే.

నొటేషన్‌లో రాసిన ముక్క ఒకటైనా ఉంటే మంచిది. కంప్యూటర్ వాయించిన ఆడియో కన్నా మనుషులు తడబడుతూ వాయించిన రికార్డింగే మేలు.

ఏమేం కొనాలి? లక్షలవుతాయా?

అవ్వవు. ఫోనుతో మొదలుపెట్టండి. ఆరు నెలలు మానకుండా రికార్డు చేస్తే అప్పుడు జూమ్ లాంటి చిన్న రికార్డర్ కొనండి, పదివేల చుట్టుపక్కల వస్తుంది. చెవిని పూర్తిగా కప్పే హెడ్‌ఫోన్స్ ఒకటి. సాఫ్ట్‌వేర్‌కి పైసా పెట్టక్కర్లేదు. రికార్డింగుల్ని కోసి అతికే ఆడాసిటీ, నొటేషన్ రాసే మ్యూజ్‌స్కోర్, ప్రోగ్రామింగ్‌తో శబ్దం పుట్టించే ప్యూర్ డేటా, సూపర్‌కొలైడర్ అన్నీ ఉచితం. రికార్డింగ్, మిక్సింగ్ చేసే రీపర్ 60 రోజులు ఉచితంగా వాడి చూడొచ్చు, తర్వాత కొన్నా ధర తక్కువే. దొంగ సాఫ్ట్‌వేర్ వాడకండి.

మన ఊరికి ప్రత్యేకంగా ఒక జాగ్రత్త. ఉప్పుగాలి మైకుల్ని తినేస్తుంది. బీచ్ నుంచి రాగానే పొడిబట్టతో తుడిచి, గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి పెట్టండి. నా మొదటి మైకు రెండేళ్ళకే తుప్పు పట్టి గరగరలాడింది.

విశాఖలో రికార్డింగ్‌కి మంచి చోట్లు ఏవి?

ఫిషింగ్ హార్బర్ గురించి చెప్పాను. పూర్ణా మార్కెట్ ఉదయం. సింహాచలం మెట్లదారి. బీచ్‌లో అయితే సూర్యోదయానికి ముందు వెళ్ళండి. పొద్దెక్కాక సముద్రపు గాలి జోరు పెరిగి మైకులో బుస్సుబుస్సుమంటుంది, ఆ రికార్డింగ్ దేనికీ పనికిరాదు. బొచ్చు గుడ్డ ముక్క కొని మైకుకి తొడుగు కుట్టుకుంటే చాలావరకు ఆగుతుంది. బొర్రా గుహలు తెరిచిన వెంటనే, జనం రాకముందు వెళితే పైనుంచి నీటి బొట్టు రాలడం, దాని వెనక గుహ మొత్తం జవాబివ్వడం వినొచ్చు.

ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం లోపలికి ఒకసారి చెవుల కోసమే వెళ్ళండి. నీళ్ళ అడుగున వెలుతురు కొద్ది దూరమే పోతుంది, శబ్దం మాత్రం గాలిలో కన్నా నాలుగు రెట్లకి పైగా వేగంతో, సెకనుకి సుమారు 1,500 మీటర్లు పరుగెత్తుతుంది. అందుకే సబ్‌మెరైన్ చెవులతోనే బతుకుతుంది. ఆ ఇరుకు గదుల్లో మనుషులు నెలల తరబడి చెవి ఒగ్గి కూర్చున్నారని తలుచుకుంటే వినడం ఎంత పెద్ద పనో తెలుస్తుంది.

నేవీ, డాక్‌యార్డ్, పోర్టు పరిసరాల్లో మాత్రం రికార్డర్ బయటికి తీయకండి. నిషేధం ఉన్న చోట్లు అవి. ఇబ్బందిలో పడతారు.

ఉత్తరాంధ్ర కళాకారుల దగ్గరికి వెళ్ళేటప్పుడు ఇంకో మాట. తప్పెటగుళ్ళలో ఛాతీ మీద వేలాడే రేకు తప్పెట, జముకుల కథలో తీగ బిగింపుతో స్థాయి మారే జముకు, అరకు థింసాలో మోరి, తుడుము, కిరిడి, ఇవి ప్రపంచంలో ఏ స్టూడియోకీ తీసిపోని శబ్దాలు. అవి వాళ్ళ జీవనాధారం కూడా. ఎందుకు రికార్డు చేస్తున్నారో చెప్పి, ఒప్పుకున్నాకే చేయండి. డబ్బు ఇవ్వండి, పేరు రాయండి, తయారైన రచన తీసుకెళ్ళి వినిపించండి. "ఫోక్ శాంపిల్" అని పేరు లేకుండా వాడుకోవడం నా దృష్టిలో దొంగతనమే.

చెవికి సాధన ఎలా చేయించాలి?

చాలా తక్కువమంది అడిగే ప్రశ్న ఇది, అన్నిటికన్నా ముఖ్యమైనదీ ఇదే. డిగ్రీ ఎక్కడ చేసినా ముందు చెవి తయారవ్వాలి. ఆ చెవికి విశాఖ చాలు.

మా గదిలో మొదటి నెల ఏ పరికరమూ ముట్టనివ్వను. రోజూ పది నిమిషాలు కళ్ళు మూసుకుని విని, విన్న ప్రతిదానికీ తెలుగు మాట రాయమంటాను. మన భాషలో ఈ మాటలకి కరువు లేదు. హోరు అంటే మొదలూ తుదీ దొరకని, ఏ స్వరమూ పట్టుబడని శబ్దం. అన్ని ఫ్రీక్వెన్సీలూ కలిసిపోయిన నాయిస్ అని క్లాసులో చెప్పేది దాన్నే. గణగణ అంటే లోహం, కొట్టాక కూడా నిలిచి ఉండే మోగుడు. చిటపట అంటే విడివిడిగా, ఒక క్రమం లేకుండా పడే చిన్న చిన్న దెబ్బలు. గలగల అంటే అవే చిన్న దెబ్బలు, కాకపోతే దగ్గర దగ్గరగా, కాస్త మెరుపుతో. ఇక అలికిడి. అది చప్పుడు కన్నా ఎక్కువ, అక్కడ ఎవరో ఉన్నారన్న జాడ. మూలం కనపడకుండా శబ్దాన్ని మాత్రమే వినడం మీద ఫ్రాన్స్‌లో లావుపాటి సిద్ధాంత గ్రంథం ఉంది. మన అమ్మమ్మలు వీధి గుమ్మం దగ్గర అలికిడి విని ఎవరొచ్చారో చెప్పేవారు.

రెండో నెలలో అదే చోట కూర్చుని ఏది దగ్గర, ఏది దూరం, ఏది ఆగింది, ఏది ఆగాక గాని అది ఉందని తెలియలేదు అని రాయమంటాను. ఫ్రిజ్ మోటారు ఆగినప్పుడు ఇల్లు ఒక్కసారిగా పెద్దదైనట్టు అనిపిస్తుంది కదా, అలాంటివి.

చెవుల్ని కాపాడుకోవడం కూడా సాధనే. 85 డెసిబెల్స్ శబ్దం రోజుకి 8 గంటలకి మించి వినకూడదంటారు. ప్రతి 3 డెసిబెల్స్ పెరిగేకొద్దీ ఆ సమయం సగానికి తగ్గుతుంది. ఊరేగింపు డీజే పక్కన నిలబడితే నిమిషాల లెక్కే. ఇయర్ ప్లగ్స్ జేబులో పెట్టుకోండి. పోయిన వినికిడి తిరిగి రాదు.

క్లాసుల్లో ఏం జరుగుతుంది?

హార్మొనీ, ఆర్కెస్ట్రేషన్ (ఏ స్వరం ఏ వాద్యానికివ్వాలో నేర్పేది), అకౌస్టిక్స్ (శబ్దశాస్త్రం), ఇరవయ్యో శతాబ్దపు సంగీత చరిత్ర, స్టూడియో పని, మ్యాక్స్ లేదా సూపర్‌కొలైడర్‌లో ప్రోగ్రామింగ్. వీటికన్నా నేర్పేది వర్క్‌షాప్. మీరు రాసింది వాద్యకారులు వచ్చి మీ ఎదుటే వాయిస్తారు. క్లారినెట్ ఆయన మధ్యలో ఆపి, "ఇక్కడ ఊపిరి ఎక్కడ తీసుకోవాలి?" అని నన్ను అడిగిన రోజు నాకు గుర్తుంది. పదహారు బార్లు (మన ఆవర్తాల్లాంటివి) విరామం లేకుండా రాసేశాను. వయొలిన్ వాయించేదాన్ని కాబట్టి ఊపిరి సంగతే తట్టలేదు. ఆ తర్వాత ఏ వాద్యానికి రాసినా ముందు ఆ మనిషి శరీరం గురించి ఆలోచిస్తాను.

ఉద్యోగం వస్తుందా?

క్యాంపస్ ప్లేస్‌మెంట్ లాంటిది ఉండదు, ఆ ఆశ పెట్టుకోవద్దు. సినిమా, ఓటీటీలకి సౌండ్ డిజైన్, గేమ్ ఆడియో, నాటకాలకి, నృత్య రూపకాలకి సంగీతం, మ్యూజియంలకి శబ్ద ఏర్పాట్లు, అకౌస్టిక్స్ సలహా, బోధన, పాడ్‌కాస్టులు, ఇవీ దారులు. మొదటి మూడు నాలుగేళ్ళు ఆదాయం ఒక నెల ఉంటుంది, ఒక నెల ఉండదు. మన వాళ్ళు చాలామంది హైదరాబాద్‌లో పోస్ట్ ప్రొడక్షన్ స్టూడియోల్లో అసిస్టెంట్లుగా మొదలుపెడతారు. ఇంట్లో ఈ మాట ముందే చెప్పి ఒప్పించి చేరండి.

ఖర్చు? అప్పు చేసి పంపొచ్చా?

ఇంగ్లండ్‌లో విదేశీ విద్యార్థులకి చాలాచోట్ల ట్యూషనే ఏడాదికి ఇరవై లక్షల పైన, బతుకు ఖర్చు వేరు. మూడేళ్ళ బ్యాచిలర్స్ కోసం ఇల్లు తాకట్టు పెడతామంటే నేను గట్టిగా వద్దంటాను. ఇక్కడే ఫిజిక్స్‌లోనో సంగీతంలోనో డిగ్రీ చేసి, ఆ మూడేళ్ళలో చెవినీ పోర్ట్‌ఫోలియోనీ తయారు చేసుకుని, మాస్టర్స్‌కి వెళ్ళడం మేలు. అక్కడ అది చాలావరకు ఏడాదే. చీవెనింగ్ స్కాలర్‌షిప్ ఇంగ్లండ్‌లో ఏడాది మాస్టర్స్ ఖర్చు భరిస్తుంది, దానికి రెండేళ్ళ పని అనుభవం ఉండాలి. ఇన్‌లాక్స్ ఫౌండేషన్, చార్లెస్ వాలెస్ ఇండియా ట్రస్ట్ వాళ్ళు కళలవైపు వాళ్ళకి సాయం చేస్తారు. గడువులు ఏటా చూసుకోవాలి.

మా అమ్మాయిని ఈ రంగంలోకి పంపొచ్చా? స్టూడియోల్లో అంతా మగవాళ్ళే కదా.

పంపండి. డీలియా డెర్బీషైర్ కేంబ్రిడ్జ్‌లో లెక్కలు, సంగీతం చదివి ఉద్యోగానికి వెళితే, "ఆడవాళ్ళని స్టూడియోలో పెట్టుకోం" అని ఒక రికార్డు కంపెనీ తిప్పి పంపింది. తర్వాత ఆమే బీబీసీ రేడియోఫోనిక్ వర్క్‌షాప్‌లో ఎలక్ట్రానిక్ శబ్దానికి కొత్త దారి వేసింది. మన గీతా సారాభాయ్ 1946లోనే న్యూయార్క్ వెళ్ళి అమెరికన్ కంపోజర్ జాన్ కేజ్‌కి భారతీయ సంగీతం నేర్పారు. తెల్లవారుజాము రికార్డింగులకి మా పిల్లలు ఇద్దరు ముగ్గురు కలిసి వెళతారు. అది మగపిల్లలకీ వర్తించే నియమమే.

సినిమా మ్యూజిక్ డైరెక్టర్ అయిపోవచ్చా?

అవ్వొచ్చు, కానీ దానికి ఈ డిగ్రీ తప్పనిసరి కాదు, ఈ డిగ్రీ ఉన్నంతమాత్రాన అవ్వరు కూడా. అదొక్కటే కోరిక అయితే చెన్నైలోనో హైదరాబాద్‌లోనో ఒక సంగీత దర్శకుడి దగ్గర ప్రోగ్రామర్‌గా చేరడం దగ్గర దారి.

ఏఐ పాటలు చేసేస్తోంది. ఇంకా ఈ చదువు ఎందుకు?

యాడ్‌లకి, వీడియోల వెనక మోగే సంగీతానికి పని తగ్గుతుంది, అది నిజం, పిల్లల దగ్గర దాచను. ఏ చప్పుడు దగ్గర ఆగాలో, నలభై నిమిషాల్లో ఏ మూడు నిమిషాలు ఉంచాలో తేల్చేది మాత్రం విన్న మనిషే. హార్బర్‌కి చలిలో వెళ్ళింది ఆ అమ్మాయి.

మా బాబు టెన్త్. ఇప్పటినుంచి ఏం చేయించాలి?

నేర్చుకుంటున్న సంగీతం మాన్పించకండి, ముఖ్యంగా ఇంటర్‌లో. "రెండేళ్ళు ఆపేద్దాం" అని ఆపిన చేతులు మళ్ళీ దారికి రావడం ఎంత కష్టమో నేను చూశాను. రోజుకి ఇరవై నిమిషాలు చాలు. కళాభారతిలో కచేరీలకి తీసుకెళ్ళండి, స్పీకర్ పక్కన కాకుండా మధ్య వరసల్లో కూర్చోబెట్టండి. స్టాఫ్ నొటేషన్ నెమ్మదిగా మొదలుపెట్టించండి.

మా దగ్గరికి తీసుకురావాలనుకుంటే ఆదివారం ఉదయం రండి. వచ్చేముందు మీ వంటింట్లో ఒక నిమిషం ఫోన్‌తో రికార్డు చేసుకుని రమ్మనండి. కుక్కర్ కూత వచ్చేదాకా ఆగక్కర్లేదు. ఏ ఎఫెక్టులూ పెట్టొద్దు, మధ్యలో ఎవరైనా మాట్లాడినా తీసేయొద్దు. కూర్చుని కలిసి వింటాం.